పొగను వడగట్టే పైపు

తాగే నీటిని వడగట్టే యంత్రం ఇంటింటికీ వచ్చింది. గదిలోని గాలిని వడగట్టే యంత్రాలూ వచ్చాయి. అలాంటప్పుడు పొగ తాగే పైపులోనే ఒక వడపోతను అమర్చి, హాని చేసే పదార్థాలను నోటికి చేరకముందే ఆపేస్తే సరిపోదా? పైపు తాగేవారూ, వారి ఇంట్లోవారూ తరచూ అడిగే ప్రశ్న ఇది. దీని వెనకే రెండో ప్రశ్న వస్తుంది: అలా ఆగిన మురికిని పైపులోంచి తేలిగ్గా తీసేయడం ఎలా?

ఈ రెండూ విడివిడి ప్రశ్నలు కావు. వడపోత ఎంత బాగా పనిచేస్తే పైపు లోపల అంత ఎక్కువ మురికి పేరుకుంటుంది. ఆ మురికిని తీసే దారి లేకపోతే వడపోత ఉన్న చోటే కంపు కొట్టే తడి గుంట అవుతుంది. ఐరోపా, అమెరికా తయారీదారులు నూటపాతికేళ్లకు పైగా ఈ చిక్కుముడితో తంటాలు పడుతున్నారు. కొంత విప్పగలిగారు. విప్పలేని భాగం మాత్రం వారి నేర్పుకు సంబంధించినది కాదు, పొగ స్వభావానికే సంబంధించినది. అందుకే కథ పొగ పుట్టుక దగ్గర మొదలవ్వాలి.

గిన్నెలో జరిగేది

పైపుకు ముఖ్యంగా మూడు భాగాలు: పొగాకు నింపే గిన్నె, దాని అడుగు నుంచి బయలుదేరే మెడ, ఆ మెడలో బిగించి నోట్లో పెట్టుకునే కాడ. గిన్నె లోపలి వెడల్పు సాధారణంగా 18 నుంచి 20 మిల్లీమీటర్లు, లోతు 4 సెంటీమీటర్లకు అటూ ఇటూ. రెండు మూడు గ్రాముల పొగాకు పడుతుంది. అడుగున ఉండే పొగదారి 4 మిల్లీమీటర్ల సన్నని బెజ్జం.

నిప్పు పైన ఉంటుంది, పీల్చడం కింది నుంచి సాగుతుంది. పీల్చినప్పుడల్లా గాలి నిప్పులోంచి దూరి కిందికి దిగుతుంది. గాలిలోని ఆక్సిజన్ చాలావరకు పైపొరలోనే ఖర్చయిపోతుంది. దాని కింది పొరకు వేడి అందుతుంది గాని ఆక్సిజన్ చాలదు. అక్కడ పొగాకు కాలదు, వేడికి విరిగిపోతుంది. ఈ క్రియను ఉష్ణ విచ్ఛిత్తి అనవచ్చు. నికోటిన్ ఆవిరయ్యేదీ, తారుకు కావలసిన బరువైన పదార్థాలు తయారయ్యేదీ ఎక్కువగా ఈ పొరలోనే. పై నిప్పులో పుట్టిన బొగ్గుపులుసు వాయువులో కొంత భాగం ఎర్రటి బొగ్గును తాకి, విషవాయువైన కార్బన్ మోనాక్సైడుగా మారేదీ ఈ వేడిలోనే.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పైపులో మొదటి వడపోత ఎవరూ అమర్చినది కాదు, అది పొగాకే. పైన పుట్టిన వేడి పొగ కింద ఇంకా అంటుకోని చల్లని పొగాకులోంచి దిగుతూ తన తడిలోనూ తారులోనూ కొంత అక్కడ వదిలేస్తుంది. అయితే ఈ వడపోత ఇచ్చిందంతా తిరిగి లాక్కుంటుంది. నిప్పు కిందికి దిగేకొద్దీ, అలా ఆగిన తారు మళ్లీ వేడెక్కి మళ్లీ పొగలో చేరుతుంది. గిన్నె అడుగు భాగం తాగేటప్పుడు పొగ చేదెక్కి, ఘాటుగా, తడిగా ఉండటానికి కారణం ఇదే. అడుగున తడిసిన పొగాకును కాల్చకుండా దులిపేయడం పాత అలవాటు. ఏ వడపోత పరికరమూ లేని రోజుల్లో మురికి పోయే తేలికైన దారి అదొక్కటే, ఇప్పటికీ ఖర్చులేని దారి అదే.

తడి, వేడి

పొగాకులో నీరు ముందే ఉంటుంది. మండటం వల్ల మరికొంత పుడుతుంది. ఆకులోని పీచు పదార్థమైన సెల్యులోజు ఒక గ్రాము పూర్తిగా కాలితే అర గ్రాముకు పైగా నీరు తయారవుతుంది. గిన్నెలో కాలడం ఎప్పుడూ పూర్తిగా జరగదు, పుట్టిన ఆవిరి అంతా పైపులోకీ రాదు. అయినా మెడలో, కాడలో గురగుర శబ్దం చేసేంత నీరు చేరడానికి అది చాలు.

నాలుక చురుక్కుమనడానికి పొగ వేడి కారణమని సాధారణ నమ్మకం. పొగ చాలా పలచని వాయువు, కాబట్టి అది మోసుకొచ్చే వేడి తక్కువ. అసలు వేడిని మోసేది ఆవిరి. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 540 క్యాలరీల వేడిని వదిలేస్తుంది. నోటికి చేరకముందే పైపు గోడల మీద ఆవిరి నీరుగా మారితే ఆ వేడి గోడకు పోతుంది. నోట్లో మారితే నాలుకకు తగులుతుంది. పైపు పొగకు ఉండే క్షార గుణం ఈ మంటను ఇంకా పెంచుతుంది. అదే క్షార గుణం వల్ల, పొగను ఊపిరితిత్తుల్లోకి లాగకపోయినా, నికోటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి ఎక్కుతుంది.

కాబట్టి తయారీదారులు మొదట యుద్ధం ప్రకటించింది తడి మీద. మట్టి పైపులు ఆ తడిని తమలోకి పీల్చుకునేవి. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో తవ్వితీసే మీర్‌షామ్ అనే తేలికైన తెల్లరాయి కూడా అంతే. సూక్ష్మరంధ్రాల్లోకి తడినీ తారునూ లాక్కుంటూ ఏళ్ల తరబడి తాగేకొద్దీ తెలుపు నుంచి తేనె రంగుకూ, గోధుమ రంగుకూ మారుతుంది. 19వ శతాబ్దం నడుమ ఫ్రాన్సులోని సెయింట్ క్లాడ్ పట్టణంలో బ్రయర్ కర్ర వాడుకలోకి వచ్చింది. మధ్యధరా తీరపు పొద ఒకదాని వేరు మొదట్లో ఉబ్బిన గడ్డ ఇది. గట్టిది, నిప్పుకు తొందరగా అంటుకోదు, గంటల తరబడి ఉడికించి జిగురు పోగొట్టి నెమ్మదిగా ఆరబెడితే తడినీ కొంత పీలుస్తుంది. అమెరికాలోని మిస్సోరీలో మొక్కజొన్న కంకి బెండుతో చేసిన పైపులు ఇదే పని చవకగా చేశాయి. బెండు తడిని బాగా పీలుస్తుంది, పాడయ్యాక పారేస్తారు. శుభ్రం చేసే సమస్యకు అది ఒక సూటి జవాబు.

పీల్చుకోవడం మీదే ఆధారపడకుండా తడికి విడిగా చోటు కల్పించిన వాడు డబ్లిన్‌లో స్థిరపడిన చార్లెస్ పీటర్సన్. 1890లో ఆయన పేటెంటు పొందిన పైపులో, పొగదారి కింద మెడలో ఒక చిన్న గుంట ఉంటుంది. పొగ పై నుంచి పోతుంది, నీరు కింద గుంటలో ఆగుతుంది. కాడను తీసి పైపును విదిలిస్తే నీరు బయటికి వస్తుంది. ఆలోచన ఎంత సరళమైనదో అంత గట్టిది. ఇప్పటికీ ఆ నమూనాలో పైపులు తయారవుతున్నాయి.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విమానశాస్త్ర ఆచార్యుడైన ఫ్రెడరిక్ కర్‌స్టెన్ 1930లలో మరో దారి పట్టాడు. ఆ విశ్వవిద్యాలయంలోని గాలి సొరంగానికి ఆయన పేరే ఉంది. ఆయన మెడనూ కాడనూ కలిపి ఒక అల్యూమినియం గొట్టంగా చేశాడు. అల్యూమినియం కర్ర కంటే వెయ్యి రెట్లకు పైగా వేగంగా వేడిని లాగుతుంది. గొట్టం గోడ చల్లగా ఉంటే ఆవిరి అక్కడే నీరుగా మారి అడుగుకు జారుతుంది. చివర మూత తీసి తుడిచేస్తే సరి. గాలి ప్రవాహం గురించీ వేడి గురించీ లోతుగా తెలిసిన మనిషి చేసిన పని అని దాన్ని చూస్తేనే అర్థమవుతుంది.

ఇవన్నీ నిజంగా పనిచేసే ఉపాయాలు. కాని అవి తీసేది నీటిని, నీటితో పాటు కొట్టుకొచ్చే కొంత తారును. పొగను కాదు.

జల్లెడకు అందని బిందువులు

పొగ అనేది రెండింటి కలయిక: కంటికి కనిపించని వాయువులు, వాటిలో తేలే అతి సన్నని జిడ్డు బిందువులు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలను గుర్తించారు. వాటిలో క్యాన్సర్ కలిగించేవి 70 దాకా ఉన్నాయి. బిందువుల సగటు పరిమాణం మిల్లీమీటరులో మూడు నాలుగు వేల వంతుల్లో ఒకటి.

వడపోత అనగానే పిండి జల్లెడ గుర్తుకొస్తుంది: రంధ్రం కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది జారుతుంది. పొగ వడపోతలో దాదాపు ఏదీ ఇలా ఆగదు. దూది లోనో కాగితం లోనో పోగుల మధ్య ఖాళీలు పొగ బిందువుల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. బిందువు ఆగాలంటే అది వెళ్లి ఒక పోగును తాకాలి. తాకితే అంటుకుంటుంది. అందుకు రెండు ముఖ్యమైన దారులున్నాయి.

బిందువు బరువైనదైతే, గాలి పోగును చుట్టి మలుపు తిరిగినా అది తిరగలేక సూటిగా పోయి గుద్దుకుంటుంది. బిందువు మరీ చిన్నదైతే, చుట్టూ ఉన్న గాలి అణువుల తాకిళ్లకు అటూ ఇటూ చెదురుతూ ఎప్పుడో ఒకప్పుడు పోగును తాకుతుంది. మొదటి దారి సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, దాటిన బిందువులకు బాగా పనిచేస్తుంది. రెండోది మైక్రాన్‌లో పదో వంతు కంటే చిన్నవాటికి పనిచేస్తుంది. రెండు దారులూ బలహీనపడే పరిమాణం 0.3 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆసుపత్రుల్లో వాడే హెపా వడపోతలను ఈ పరిమాణం దగ్గరే పరీక్షిస్తారు, ఎందుకంటే పట్టడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే. పొగాకు పొగ బిందువుల్లో ఎక్కువ భాగం కూర్చున్నది కూడా సరిగ్గా ఇక్కడే.

పైపులో మలుపులు, అడ్డుపలకలు, మెలికల గొట్టాలు పెట్టి పొగను శుద్ధి చేస్తామనే పేటెంట్లకు కొదవ లేదు. మలుపు దగ్గర నీటి చుక్కలు ఆగుతాయి, పెద్ద బిందువులు ఆగుతాయి. మిగతావి గాలితో పాటే మలుపు తిరిగి వెళ్లిపోతాయి. పలకల మీద నల్లటి జిడ్డు కనబడేసరికి వడపోత జరిగిందని నమ్మకం కుదురుతుంది. ఆ జిడ్డు నిజమే, అది నోట్లోకి పోకపోవడం మంచిదే. కాని ఆగినది కనిపిస్తుంది, దాటిపోయినది కనిపించదు. వడపోతను దాని రంగును బట్టి అంచనా వేయడం పొరపాటు.

బిందువులన్నిటినీ పట్టే వడపోత చేయలేరా అంటే, చేయగలరు. హెపా కాగితం పట్టగలదు. అయితే దానిగుండా తేలిగ్గా ఊపిరి లాగాలంటే పైపులో పట్టనంత వైశాల్యం కావాలి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. నికోటిన్, రుచినిచ్చే నూనెలు, బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు, అన్నీ ఉండేది ఒకే బిందువులో. మంచి చెడ్డలను వేరు చేసి ఒకదాన్ని ఆపి రెండోదాన్ని పంపే పోగు లేదు. బిందువులన్నిటినీ ఆపితే పైపు తాగే మనిషికి చేరేది కంటికి ఆనని వేడి వాయువు మాత్రమే.

గట్టి వడపోత కోసం పడిన ఆత్రం ఒకసారి ఎంత దూరం వెళ్లిందో సిగరెట్ల చరిత్ర చెబుతుంది. అమెరికాలో 1952 నుంచి 1956 వరకు అమ్మిన కెంట్ సిగరెట్ల వడపోతలో నీలి రాతినార పోగులు వాడారు. సన్నని పోగు కాబట్టి బిందువులను బాగా పట్టింది. కాని అదే రాతినార ఊపిరితిత్తుల పొరకు ప్రాణాంతకమైన క్యాన్సర్ తెచ్చేదని తర్వాత రుజువైంది. వడపోతలో వాడే పదార్థం పోగులు విడిచేదిగానీ, వేడికి ఆవిరయ్యేదిగానీ కాకూడదన్న నియమాన్ని ఏ రూపకర్తా మరవకూడదు.

బొగ్గు పట్టేది, పట్టనిది

జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన వావెన్ సంస్థ 1930లలో బొగ్గు నింపిన చిన్న గొట్టాలను పైపు మెడలో పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. 9 మిల్లీమీటర్ల వ్యాసం గల ఈ గొట్టాలు ఐరోపాలో నేటికీ మామూలు వాడుక. లోపల ఉండేది ఉత్తేజిత బొగ్గు. కొబ్బరి చిప్పల వంటి వాటిని కాల్చి, ఆవిరితో లోపల లెక్కలేనన్ని రంధ్రాలు తొలిచిన బొగ్గు ఇది. ఒక్క గ్రాములో రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్ల వైశాల్యం ఉంటుంది. ఆ గోడలకు బెంజీన్ వంటి ఆవిర్లు అతుక్కుపోతాయి. దూది, కాగితం వదిలేసే ఆవిర్లలో కొన్నిటిని బొగ్గు నిజంగానే తగ్గిస్తుంది. తేలికపాటి బాల్సా కర్ర ముక్కను పెట్టే ఇటలీ పద్ధతి, మేపుల్ కర్ర గొట్టాన్ని పెట్టే కెనడా పద్ధతి తడిని బాగా పీలుస్తాయి గాని ఆవిర్ల విషయంలో బొగ్గుకు సాటిరావు.

బొగ్గుకూ హద్దులున్నాయి. రంధ్రాలు నిండితే పని ఆగిపోతుంది. నీరు చేరితే ఆవిర్లకు చోటు తగ్గుతుంది. అందుకే బొగ్గుకు ముందు తడిని ఆపే ఏర్పాటు ఉండాలి, బొగ్గును గిన్నె గిన్నెకూ మార్చాలి.

కార్బన్ మోనాక్సైడు మాత్రం బొగ్గుకు అసలు చిక్కదు. ఒక వాయువు బొగ్గుకు అతుక్కోవాలంటే అది తేలిగ్గా ద్రవంగా మారే రకం కావాలి. బెంజీన్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. కార్బన్ మోనాక్సైడు మరిగేది సున్నాకు 191 డిగ్రీల దిగువన. గాలిలో ఐదింట నాలుగు వంతులుండే నైట్రోజన్ మరిగేది సున్నాకు 196 డిగ్రీల దిగువన. రెండింటి అణుభారమూ 28. బొగ్గు దృష్టిలో ఈ విషవాయువుకూ మామూలు గాలికీ పెద్ద తేడా లేదు. రక్తానికి మాత్రం చాలా తేడా. ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో హాప్‌కలైట్ అనే మిశ్రమాన్ని తయారుచేశారు. మాంగనీసు, రాగి ఆక్సైడుల ఈ మిశ్రమం కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తుంది. విషవాయువుల నుంచి కాపాడే ముసుగుల్లో దీన్ని వాడతారు. కాని నీటి ఆవిరి తగిలితే దాని శక్తి పోతుంది, పైపు పొగలో ఆవిరికి లోటే లేదు. నీటి గుండా పొగను లాగే హుక్కా కూడా ఈ వాయువు ముందు ఓడిపోతుంది, అది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి. నీరు పొగను చల్లబరుస్తుంది. చల్లని పొగను మరింత లోతుగా, మరింత సేపు పీలుస్తారు.

ఈ చివరి మాట అన్ని రకాల వడపోతలకూ వర్తిస్తుంది. పొగకు అలవాటుపడిన శరీరం కోరేది నికోటిన్. వడపోత దాన్ని తగ్గిస్తే మనిషి తెలియకుండానే గట్టిగా, తరచుగా లాగుతాడు. తేలికపాటివని అమ్మిన సిగరెట్ల విషయంలో జరిగింది ఇదే. యంత్రం పీల్చినప్పుడు తారు తక్కువ చూపించిన సిగరెట్లు మనుషుల రోగాలను తగ్గించలేదు.

నోటి సంగతీ చెప్పుకోవాలి. పైపు తాగేవారి కింది పెదవికి క్యాన్సర్ వస్తోందని జర్మన్ శరీరశాస్త్రవేత్త జోమరింగ్ 1795లోనే రాశాడు. నిప్పు నోటికి ఎంత దగ్గరైతే పరిస్థితి ఎంత విషమిస్తుందో ఉత్తరాంధ్ర తీరం చూపించింది. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు మీద శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ఒక బృందం ఫలితాలు ప్రచురించింది. అంగిలి మీద పుళ్లు, మచ్చలు, క్యాన్సర్లు అడ్డపొగ తాగేవారిలోనే గుంపుగట్టి కనిపించాయి. పొడవైన కాడ నిప్పును నోటికి దూరం చేసి వేడిని తగ్గిస్తుంది, అది నిజమైన మేలు. తారును దూరం చేయదు.

ఇంకొకటి. రెండు లాగుల మధ్య గిన్నె పైనుంచి లేచే పొగ ఏ వడపోతలోనూ దూరదు. పక్కన కూర్చున్న పిల్లలకు అందేది ఆ పొగ. కాడలో ఎంత గొప్ప పరికరం పెట్టినా దాన్ని తాకలేదు.

శుభ్రానికి వీలైన నిర్మాణం

వడపోత సామర్థ్యానికి ప్రకృతి గీసిన గీత ఉంది గాని, శుభ్రత విషయంలో రూపకర్త చేతిలో చాలా ఉంది.

మొదటిది పొగదారి. పెదవి దగ్గర నుంచి గిన్నె అడుగు వరకు అది ఒకే వ్యాసంతో, నునుపుగా, పైపును విప్పకుండానే నూలు చుట్టిన తీగ దూరేంత తిన్నగా ఉండాలి. వంపు కావాలంటే ఒక్కటే, అదీ మెల్లగా తిరగాలి. పొగదారి గిన్నె అడుగుకు సరిగ్గా కలవాలి. కాస్త పైన కలిస్తే ఆ కింద తడిసిన పొగాకు నిలిచిపోతుంది.

రెండోది అతుకులు. కాడ కొస మెడలోకి దిగేచోట ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ మిగిలితే పొగ అక్కడ నెమ్మదించి, సుడి తిరిగి, నీరు వదులుతుంది. ఆ సందులోకి తీగ చేరదు. ఖాళీ ఉంటే పీటర్సన్ గుంటలా లోతుగా, పొగదారికి కింద, వేలికి చుట్టిన గుడ్డతో తుడిచేంత వెడల్పుగా ఉండాలి. లేదంటే అసలు ఉండకూడదు. మధ్యస్థమైన ఖాళీయే అన్ని కంపులకూ మూలం.

మూడోది విడదీసే పద్ధతి. అమెరికాలో 1930లలో రూపుదిద్దుకున్న ఫాల్కన్ పైపులో గిన్నె మరచుట్టుతో లోహపు మెడ మీద బిగుస్తుంది. విప్పితే అడుగున చిన్న పళ్లెంలో తడి కనిపిస్తుంది, తుడిస్తే పోతుంది. మరచుట్టు విషయంలో జాగ్రత్త అవసరం. సన్నని చుట్లలో తారు చేరి గట్టిపడితే పైపు విడిరాదు. ముతక చుట్లు రెండో మూడో చాలు. లోహపు భాగాల మధ్య వేడిని తట్టుకునే సిలికోన్ వలయం బిగింపుకు ఇంకా మేలు. కర్ర పైపును వేడిగా ఉన్నప్పుడు విప్పకూడదు. కర్ర, కాడ ఒకే తీరున వ్యాకోచించవు, మెడ పగులుతుంది.

పదార్థాల ఎంపిక కడగడం మీదే ఆధారపడుతుంది. తారు నీటికి లొంగదు, ఆల్కహాలుకు లొంగుతుంది. కాని ఆక్రిలిక్ కాడ మీద ఆల్కహాలు పడితే సన్నని పగుళ్లు రావచ్చు. గట్టి రబ్బరైన ఎబొనైట్ ఎండకూ వేడినీటికీ పచ్చగా పాలిపోతుంది. అల్యూమినియంను సోడా నీళ్లు తినేస్తాయి. అన్నిటినీ తట్టుకునేది స్టెయిన్‌లెస్ స్టీలు. గిన్నెకు దగ్గరగా ప్లాస్టిక్ గానీ, జింకు పూత గల లోహం గానీ వాడనే కూడదు, వేడికి వాటి ఆవిర్లు పొగలో కలుస్తాయి.

బ్రయర్ గిన్నె లోపల పేరుకునే బొగ్గు పొరను మొత్తం గీకేయకూడదు. మిల్లీమీటరు మందం ఉన్నంతవరకు అది కర్రను నిప్పు నుంచి కాపాడుతుంది. మందం పెరిగితే వేడికి అది కర్ర కంటే వేరుగా వ్యాకోచించి గిన్నెను చీలుస్తుంది. మీర్‌షామ్ గిన్నెలో మాత్రం ఈ పొరను ఉండనివ్వరు.

ఇవన్నీ కలిపితే ఒక మంచి పైపు రూపురేఖలు తేలతాయి: బ్రయర్ గిన్నె, విప్పదీసే స్టీలు మెడ, పొగదారి కింద వెడల్పైన తడి గుంట, దాని తర్వాత మార్చుకునే బొగ్గు గొట్టం, తిన్నని కాడ. క్రమం ముఖ్యం. తడి గుంట బొగ్గుకు ముందుండాలి, బొగ్గు గొట్టం చేతికి మురికి అంటకుండా బయటికి జారాలి. ఈ పైపు నాలుకను అంతగా కాల్చదు, గురగురలాడదు, ఐదు నిమిషాల్లో శుభ్రమవుతుంది, కొన్ని ఆవిర్లను తగ్గిస్తుంది. క్యాన్సర్ భయం లేని పైపు అని దాని పెట్టె మీద రాస్తే మాత్రం అది అబద్ధం.

తీసిన మురికిని ఏం చేయాలన్నది చివరి పని. తడి గుంటలోని గోధుమరంగు ద్రవంలో నికోటిన్ ఉంటుంది, అది చర్మం గుండా కూడా లోపలికి ఎక్కుతుంది. పేనుబంకను చంపడానికి రైతులు పొగాకు కషాయం చల్లేది ఈ విషం బలంతోనే. వాడిన గొట్టాలను, తుడిచిన గుడ్డలను కాగితంలో చుట్టి, పిల్లలకూ పశువులకూ అందని చెత్తబుట్టలో వేయాలి. ఆ తర్వాత చేతులను సబ్బుతో కడుక్కోవాలి.